ఆటలో ఓడితే పోయేది మార్కులే

నరాల వైద్యం అంటే వైద్య విద్యార్థులకు భయం. అమెరికాలోనూ అంతే. 1994లో రాల్ఫ్ జోజెఫోవిచ్ అనే న్యూరాలజిస్టు దీనికి ‘న్యూరోఫోబియా’ అని పేరే పెట్టారు. పుస్తకంలో చదివింది రోగి దగ్గర అన్వయించుకోలేకపోవడమే ఈ భయానికి మూలమన్నారు.

నేను ఆంధ్రాలో ఎంబీబీఎస్ చదివాను. ఇక్కడ న్యూరాలజీలో శిక్షణ పూర్తి చేసి ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. మా రోజుల్లో నరాల దారులన్నీ బట్టీ పట్టేవాళ్లం. నా క్లాసులో మాత్రం వారానికో రోజు స్లైడ్లు పక్కనపెట్టి చీటీల ఆట ఆడిస్తాను.

ఒక్కో చీటీ మీద ఒక్కో రోగి. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట రావడం లేదు. దెబ్బ ఎక్కడ? మెదడు ఎడమ భాగంలో. ముఖం ఒకవైపు, కాలూ చెయ్యీ రెండోవైపు పడిపోతే? బ్రెయిన్‌స్టెమ్‌లో. రెండు కాళ్లూ కదలవు, బొడ్డు కింద స్పర్శ లేదంటే? వెన్నుపాములో. జవాబు చెబితే సగం మార్కులే. ఎందుకో చెప్పి అవతలి జట్టును ఒప్పిస్తేనే పూర్తి మార్కులు.

రెండో ఆట గడియారంతో. కేసు పక్షవాతం. గడ్డను కరిగించే మందు సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. ఆలోగా స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. షుగర్ కూడా చూడాలి, అది బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనిపించవచ్చు. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయం నుంచి లెక్కపెట్టాలి. అది అడగడం మరిచిన జట్టు ఓడిపోతుంది.

ఓడనిస్తాను. అక్కడ పోయేది మార్కులే. నిజం రోగికి మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే, వైద్యం అందని ప్రతి నిమిషం దాదాపు 19 లక్షల న్యూరాన్లు నశిస్తాయని అంచనా.

ఆటతోనే అన్నీ రావు. గట్టిగా మాట్లాడేవాళ్లదే పైచేయి అయితే నెమ్మదస్తులు వెనకబడతారు. అందుకే ఆట ముగిశాక అందరం కూర్చుని ఎక్కడ పొరబడ్డామో మాట్లాడుకుంటాం. అసలు పాఠం అదే. రోగిని ముట్టుకుని పరీక్షించడం మాత్రం వార్డులోనే నేర్చుకోవాలి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మీ ఇంట్లోనూ ఒక చిన్న ఆట ఆడించండి. మనవలు తాతయ్యను నవ్వమనాలి, రెండు చేతులూ పైకెత్తమనాలి, ఒక తెలుగు వాక్యం చెప్పమనాలి. తెలుగు రాని డాక్టరు కంటే ముందు, తాతయ్య మాట తడబడుతోందని మనవడికే తెలుస్తుంది. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 911కు ఫోన్ చెయ్యాలి. ఆయన చివరిసారి ఎన్ని గంటలకు బాగున్నారో చెప్పాలి. ఆసుపత్రిలో తెలుగు దుబాసీ కావాలని అడగాలి.