సర్వీసింగ్ తర్వాత కారు దారిలో ఆగిపోతే బాధ్యత ఎవరిది? షెడ్డు దాటే ముందు చూసుకోవాల్సినవి, చట్టం ఇచ్చే హక్కులు

రేపు కడపలో నిఖా ఉందంటే ఇవాళ కర్నూలులో కారును షెడ్డుకు పంపడం చాలా ఇళ్లలో మామూలే. "భాయ్, ఆయిల్ మార్చి, బ్రేకులు చూసి సాయంత్రానికి ఇచ్చేయ్" అని చెప్పి వచ్చేస్తారు. రాత్రికి బండి ఇంటికి వస్తుంది. డబ్బు ఫోన్‌పేలో వెళ్లిపోతుంది. బిల్లు ఎవరూ అడగరు.

మరుసటి రోజు నంద్యాల దాటి ఆళ్లగడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎర్రటి ఆయిల్ లైటు వెలిగిందనుకోండి. బండి కింద చూస్తే ఆయిల్ చాంబర్ బోల్టు వదులై ఆయిల్ అంతా కారిపోయింది. లోపల నాన్నీ, దాదా, చిన్నపిల్లలు. బయట మండే ఎండ. ఆ లైటు చూడకుండా ఇంకో పది కిలోమీటర్లు నడిపి ఉంటే ఇంజన్ పట్టేస్తుంది. మామూలు సర్వీసింగ్ చాలా పెద్ద ఖర్చుగా మారుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలి? మెకానిక్‌ను అడిగితే "నేను సరిగ్గానే బిగించాను" అంటాడు. చేతిలో కాగితం లేకపోతే మాట అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడ చిన్న తప్పు కూడా పెద్దదే

కర్నూలు నుంచి కడపకు 40వ నెంబరు జాతీయ రహదారి మీద దాదాపు 200 కిలోమీటర్లు. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా వెళ్లాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ దారిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు, కొన్ని రోజులు 45 దాకా పోతుంది. ఏసీ ఆపకుండా నడుస్తుంది, ఇంజన్ మీద బరువు పెరుగుతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లు బయటపడని లోపం ఇలాంటి ప్రయాణంలోనే బయటపడుతుంది.

తప్పులు ఎక్కడ జరుగుతాయి?

మామూలు సర్వీసింగ్‌లో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ ఐదు చోట్లే ఉంటాయి.

1. ఆయిల్ బోల్టు, ఫిల్టర్: చాంబర్ బోల్టుకు ఉండే వాషర్ పాతదే వేస్తే ఆయిల్ చెమ్మగిల్లుతుంది. బోల్టును అతిగా బిగిస్తే మర అరిగిపోతుంది. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండగా దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే ఒత్తిడికి ఆయిల్ చిమ్ముతుంది.

2. ఆయిల్ కొలత: తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే. ఎక్కువైతే నురగ పట్టి, భాగాలకు సరిగ్గా అందదు.

3. కూలెంట్: రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మన దగ్గర పాత అలవాటు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లు లోపల గార కట్టి దారులను మూసేస్తాయి. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి. పోశాక లోపల గాలి మిగిలిపోకుండా తీయాలి.

4. ఎయిర్ ఫిల్టర్ డబ్బా: మూత క్లిప్పు ఒక్కటి సరిగ్గా పడకపోయినా దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి వెళ్తుంది. మట్టి రోడ్లున్న పల్లెలకు తిరిగే బండికి ఇది నెమ్మదిగా పట్టే రోగం.

5. చక్రాల నట్లు: వీటిని ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చక్రాలు విప్పి బిగించాక 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఒకసారి బిగింపు చూపించుకోవాలి.

షెడ్డులోనే పది నిమిషాలు

బండి తీసుకునే ముందు అక్కడే బానెట్ ఎత్తించాలి. బండి సమంగా ఉన్నచోట ఇంజన్ ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, డిప్ స్టిక్ తీసి ఆయిల్ రెండు గీతల మధ్య ఉందో లేదో చూడాలి. తర్వాత ఐదు నిమిషాలు ఇంజన్ నడిపించి, కింద అట్టముక్క పరిచి చుక్కలు పడుతున్నాయేమో గమనించాలి. బ్రేకు పెడల్ తొక్కితే గట్టిగా తగలాలి. మార్చిన పాత భాగాలు, కొత్తవాటి డబ్బాలు అడిగి తీసుకోవాలి. కిలోమీటర్ల రీడింగ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి.

ముఖ్యమైన మాట ఇంకొకటి. దూర ప్రయాణానికి ముందురోజు సర్వీసింగ్ పెట్టుకోవద్దు. కనీసం మూడు నాలుగు రోజుల ముందు చేయించి, ఊళ్లో తిప్పి చూసుకుంటే లోపం ఉన్నా ఇంటి దగ్గరే బయటపడుతుంది.

"మనవాడే కదా, బిల్లు ఎందుకు?"

మెకానిక్ తరచుగా మన గల్లీవాడే అయి ఉంటాడు, లేదంటే చుట్టమో, నాన్న స్నేహితుడో. బిల్లు అడిగితే అనుమానించినట్టు అవుతుందని మొహమాటం. కానీ బిల్లు ఇద్దరినీ కాపాడుతుంది. ఏ పని చేశాడో, ఏ భాగం మార్చాడో రాసి ఉంటే, చేయని పనికి మెకానిక్ మీద నింద కూడా పడదు.

ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు టర్నోవర్ ఉన్న చిన్న షెడ్డుకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయినా మామూలు రసీదు రాసివ్వడానికి అడ్డేమీ లేదు. తేదీ, బండి నెంబరు, కిలోమీటర్లు, చేసిన పని, తీసుకున్న డబ్బు, సంతకం ఉంటే చాలు. సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది.

చట్టం ఏమంటుంది?

బి.కాం చదివినవాళ్లకు 'బెయిల్‌మెంట్' పాఠం గుర్తుండే ఉంటుంది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ ప్రకారం బాగుచేయమని ఇచ్చిన బండి మెకానిక్ దగ్గర ఉన్నంతసేపు ఒక అమానత్ లాంటిది. వివేకమున్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలని 151వ సెక్షన్ చెబుతుంది.

అదే చట్టంలో మెకానిక్‌కూ హక్కుంది. అప్పగించిన పని చేశాక కూలి అందేదాకా బండిని ఆపుకోవచ్చని 170వ సెక్షన్ అంటుంది. కాబట్టి గొడవపడి బండి లాక్కురావడం కన్నా, బిల్లు మీద 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి, డబ్బు కట్టి, తర్వాత ఫిర్యాదు చేయడం మేలు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకుని చేసిన పనిలో నిర్లక్ష్యం ఉంటే అది 'సేవా లోపం'. ఉచితంగా చేసిన పనికి ఈ చట్టం వర్తించదు, అందుకే చెల్లింపు రుజువు ముఖ్యం. సొంతంగా నడుపుకుంటూ, దాని మీదే బతికే టాక్సీ డ్రైవర్ కూడా వినియోగదారుడి కిందకే వస్తాడు.

నష్టం జరిగితే ఏం చేయాలి?

ఎర్ర లైటు వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకూడదు. కారిన చోటును ఫొటోలు, వీడియో తీయాలి. వేరే చోట విప్పించాల్సి వస్తే, లోపానికి కారణం ఏమిటో ఆ మెకానిక్ చేత రాయించుకోవాలి. పాత భాగాలు పారేయొద్దు.

ముందు పని చేసిన షెడ్డుకే వెళ్లి మర్యాదగా అడగాలి. చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువు ఇవ్వవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కర్నూలులోనూ, కడపలోనూ కమిషన్లు ఉన్నాయి. పని కర్నూలులో చేయించినా, కడపలో ఉండేవాళ్లు కడపలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. రిపేరు ఖర్చు, బండిని లాక్కొచ్చిన ఖర్చు, పడిన ఇబ్బందికి పరిహారం అడగవచ్చు. ఎంత ఇవ్వాలన్నది సాక్ష్యాలను బట్టి కమిషన్ తేలుస్తుంది.

ఇక్కడ మెకానిక్ వైపు కూడా ఆలోచించాలి. పండగ ముందురోజు పది బండ్లు వరుసలో నిలబెట్టి, ప్రతి ఒక్కరూ "అర్ధగంటలో కావాలి భాయ్" అంటే బోల్టు ఎక్కడో ఒకచోట వదులుగానే ఉండిపోతుంది. పనికి సమయం ఇవ్వాలి, సరైన కూలి ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి విషయంలో ఈ మూడింటికి మొహమాటం అక్కర్లేదు.