తలలో నీటికి గొట్టమే ఉప్పుటేరు

ఏలూరు : బుడమేరు, తమ్మిలేరు కొల్లేటికి నీరు తెస్తాయి. ఆ నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. ఉప్పుటేరు పూడితే లంక గ్రామాలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు లంకవాసులు ముంపు బాధ మరోసారి చవిచూశారు. కొందరు పసిబిడ్డల తలలోనూ ఇలాంటి ముంపే వస్తుంది.

మెదడు లోపలి గదులలో నీటివంటి ద్రవం నిత్యం ఊరుతుంది. పెద్దవారిలో ఇది రోజుకు సుమారు అర లీటరు. ఊరినదంతా తిరిగి రక్తంలో కలిసిపోవాలి. దారి మూసుకుపోతే ద్రవం నిలిచి మెదడును నొక్కుతుంది. పసివారి పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కనుక తల పెరిగిపోతుంది. కొందరికిది పుట్టుకతో వస్తుంది. నెలలు నిండక పుట్టినవారికి మెదడులో రక్తస్రావం వల్ల, మరికొందరికి క్షయ మెదడు పొరలకు సోకడం వల్ల వస్తుంది.

చర్మం కింద కాలువ

ఇందుకు వైద్యులు 'షంట్' అనే సన్నని సిలికాన్ గొట్టం అమరుస్తారు. అది మెదడు గదిలో మొదలై చెవి వెనుకగా, మెడ, ఛాతీ చర్మం కిందుగా పొట్టలోకి దిగుతుంది. అక్కడ ద్రవం శరీరంలో ఇంకిపోతుంది. మధ్యలోని కవాటం ఒత్తిడి పెరిగితేనే తెరుచుకుంటుంది, ద్రవాన్ని వెనక్కు రానివ్వదు. ఎండాకాలంలో ఉప్పునీరు ఎదురెక్కకుండా ఉప్పుటేరుపై రైతులు కోరుతున్న రెగ్యులేటరు వంటిదే ఇది.

అమెరికాలో జాన్ హోల్టర్ అనే యంత్రాల పనివాడు ఈ జబ్బుతో పుట్టిన తన కొడుకు కోసం 1956లో ఇటువంటి కవాటం తయారు చేశాడు. మన దేశంలో లక్నో వైద్యుడు ఛాబ్రా రూపొందించిన షంట్ చౌకగా దొరుకుతోంది. ఉగాండాలో 195 మంది పిల్లలలో దానిని ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూశారు. ఏడాది తర్వాత ఫలితాలలో తేడా లేదని 2005లో ప్రకటించారు.

గొట్టం పూడితే ప్రమాదం

ఒకసారి వేయించాం, ఇక భయం లేదనుకోవడం పొరపాటు. పిల్లలకు వేసిన షంట్లలో పదింట మూడు నాలుగు ఏడాదిలోపే మూసుకుపోవడమో, చీము పట్టడమో జరిగి తిరిగి ఆపరేషన్ అవసరమవుతోంది. మాటిమాటికి వాంతులు, మత్తుగా పడి ఉండడం, తలనొప్పి, మాడు ఉబ్బడం, జ్వరం, గొట్టం వెంబడి ఎరుపు కనిపిస్తే దిష్టి అనో, అజీర్తి అనో కాలయాపన చేయరాదు. గంటల ఆలస్యం ప్రాణం మీదికి తేవచ్చు.

టేపుతో కొలిస్తే చాలు

పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంతకు మించి పెరిగినా, మాడు ఉబ్బినా, నల్లగుడ్లు కిందికి దిగినట్లున్నా తాడేపల్లిగూడెంలో గాని, ఏలూరులో గాని ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపాలి. మెదడు శస్త్రచికిత్స గుంటూరు, విశాఖ పెద్దాసుపత్రులలో జరుగుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్‌టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం షంట్ ఆపరేషన్‌కు వర్తిస్తుంది.

వెన్నులో గడ్డతో పుట్టే బిడ్డలకు ఈ జబ్బు ఎక్కువ. గర్భం దాల్చక ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడితే ఆ లోపాన్ని చాలావరకు నివారించవచ్చునని 1991లోనే రుజువైంది. బిడ్డకు టీకా వేయించేందుకు వెళ్ళిన ప్రతిసారీ తల కూడా కొలిపించి, ఆ అంకెను కార్డు మీద రాయించుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.