పడవ అడుగున ట్యాంకు: ముల్లు చెప్పే నిజం, అబద్ధం

మిష్రిఫ్ వీధులలో కొన్ని ఇళ్ళ ముందు ట్రైలర్లపై మోటారు పడవలు కనిపిస్తుంటాయి. కొన్నింటిలో పెట్రోలు ట్యాంకు అడుగు పలకల క్రింద బిగించి ఉంటుంది. చిల్లు పడినా పైకి కనబడదు. పెట్రోలు ఆవిరి గాలికన్న మూడు నాలుగు రెట్లు బరువైనది. పడవ అడుగున పేరుకొని, గాలిలో సుమారు 1.4 శాతానికి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు ప్రేలుతుంది.

సైకిలు ట్యూబును నీటిలో ముంచి బుడగలు చూడడం పాఠకులకు తెలిసినదే. ఈ ట్యాంకును ముంచడం కుదరదు. కనుక శిక్షణ పొందిన పనివారు ఇంధనాన్నీ, ఆవిరినీ తొలగించి, గొట్టాలన్నీ మూసి, నత్రజనిని సుమారు 0.2 బార్ అధిక పీడనం వరకే నింపి మీటరును గమనిస్తారు. స్వల్పమే అనిపించవచ్చు గాని, చదరపు మీటరు రేకుపై అది రెండు టన్నుల బరువు! మించితే పరీక్షే ట్యాంకును చీలుస్తుంది.

చిక్కంతా కువైట్ ఎండతోనే. మూసిన పాత్రలోని వాయువు చల్లబడితే పీడనం తగ్గుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే ముల్లు దాదాపు 0.04 బార్ దిగుతుంది, అంటే నింపినదానిలో అయిదవ వంతు! లేని చిల్లు ఉన్నట్లు తోస్తుంది. ఎండ ఎక్కేవేళ దీనికి విపర్యయం: కారిపోయిన వాయువు లోటును వేడిమి పూడ్చి, ముల్లును కదలనీయదు. ప్రమాదకరమైనది ఈ రెండవ అబద్ధమే. అందుచేత నీడపట్టున, ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నవేళ పరీక్షించాలి. అప్పుడూ ముల్లు దిగితే, అతుకులకు సబ్బునీరు పూసి బుడగలకై వెదకాలి. చేయి చొరని అడుగుభాగమే మిగిలితే పలకలు విప్పి ట్యాంకును వెలికి తీయవలసిందే.