చదువరాని పుట

చక్కగా పనిచేయుచున్న కంప్యూటరు ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా స్తంభించును. భద్రపరచని పని యంతయు నశించును. ఇట్టి వైపరీత్యమునకు కారణములు పెక్కు గలవు. వానిలో నొకటి సి.డి.పై బడిన చిన్న గీత. ఆ గీత అంత పెద్ద యంత్రము నెట్లు ఆపగలదో తెలిసికొందము.

కంప్యూటరు తన సమాచారమును రెండు తావుల నుంచుకొనును. మొదటిది మెమరీ. ఇది మిక్కిలి వేగము గలది. కాని విద్యుత్తు పోయినచో దీనిలోనిది చెరిగిపోవును. రెండవది డిస్కు. ఇది నెమ్మదైనది, కాని దీనిలో వ్రాసినది నిలిచియుండును. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందింపగా 1982లో విపణికి వచ్చిన సి.డి. యును డిస్కులలో నొక విధమే. దానిపై సుడులుగా సాగిన సన్నని బాటను లేజరు కిరణము చదువును.

డిస్కుమీది ఫైలును చదువుటకు రెండు పద్ధతులు గలవు. వానిని ఒక ఉపమానముతో గ్రహింపవచ్చును. ఒక పండితుడు తాళపత్రగ్రంథమును పరిశీలించుచున్నా డనుకొనుడు. కట్ట లోపలి గదిలో నున్నది. "పదవ పత్రము తెమ్ము" అని శిష్యు నడుగుట మొదటి పద్ధతి. ఆ పత్రమును చెదలు తినియున్నచో, "అయ్యవారూ, అది శిథిలమైనది" అని శిష్యుడు విన్నవించును. పండితుడు మరియొక ప్రతిని వెదకుకొనును.

రెండవ పద్ధతిలో పండితు డేమియు నడుగడు. ఆయన చూపు ఏ పత్రముపైకి మరలునో, దానిని శిష్యుడు చప్పుడు చేయక యెదుట నుంచును. గ్రంథమంతయు తన ముందే యున్నదని పండితుడు భావించును. కంప్యూటరులో ప్రోగ్రామే పండితుడు. ఆపరేటింగ్ సిస్టమే శిష్యుడు. ఫైలును మెమరీలోని భాగమువలె చూపు ఈ పద్ధతికి మెమరీ మ్యాపింగ్ అని పేరు. ప్రోగ్రాము ఏ పుటను తాకునో ఆ పుటనే, సాధారణముగా 4096 బైట్ల చొప్పున, సిస్టము అప్పటికప్పుడు తెచ్చును. ఇట్లు పుటలుగా తెచ్చు నేర్పు 1962లో మాంచెస్టరు నగరమున ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరునందే కలదు.

సి.డి.పై గీతలు పడుట సామాన్యము. రీడ్, సాలమన్ అను గణితజ్ఞులు 1960లో ప్రకటించిన సంకేతవిధానము ఆధారముగా చిన్న లోపములను యంత్రమే సవరించుకొనును. గీత లోతైనచో మరల మరల ప్రయత్నించి, తుదకు విరమించును. మొదటి పద్ధతిలో నైనచో "చదువ వీలుపడలేదు" అను ప్రత్యుత్తరము ప్రోగ్రామునకు జేరును. రెండవ పద్ధతిలో ప్రశ్నయే లేదు. కావున ప్రత్యుత్తరమునకును తావు లేదు.

అప్పుడు సిస్టము ఏమి చేయవలెను? లేని పుటకు మారుగా సున్నలు నింపి యిచ్చినచో ప్రోగ్రాము సాగిపోవును. కాని లెక్కలు తప్పును. రోగికి ఈయవలసిన మందు మోతాదు అందున్నచో ప్రాణమునకే ముప్పు. అందుచేత సిస్టము అసత్యము పలుకక ఆ ప్రోగ్రామునే ఆపివేయును. యూనిక్సు జాతి సిస్టములలో ఈ సంకేతమునకు సిగ్‌బస్ అని పేరు.

కొన్ని వేళల ఆపరేటింగ్ సిస్టములోని కీలకభాగమే అట్టి పుటను తాకును. అందుకు ముందుగా ఏర్పాటు చేసియున్నచో దోషమును తెలిపి ఊరకుండును. ఏర్పాటు లేనిచో దానిని ఆపుటకు పైవా డెవ్వడును లేడు. ఇతర ఫైలులు పాడుకాకుండుటకై యంత్రమంతయు నిలిచిపోవును.

సి.డి. నుండి నేరుగా నడచు ప్రోగ్రాముల ఆజ్ఞలును సాధారణముగా ఇట్లే పుటలుగా వచ్చును. నడుమ సి.డి.ని వెలికి దీసినచో అవి కూలవచ్చును. అందుకే మైక్రోసాఫ్టు వారి లింకరు అను సాధనములో, ప్రోగ్రామును ముందుగా హార్డు డిస్కులోనికి నకలు చేసికొని నడుపుమని తెలుపు ఏర్పాటొకటి కలదు.

మనకును ఉపాయ మిదియే. పాత సి.డి.లోని ఫైలును ముందుగా హార్డు డిస్కులోనికి నకలు చేసికొని, పిమ్మట తెరువవలెను. నకలు చేయునప్పుడు సామాన్యముగా లోపము తెలియును, పని చెడదు. ప్రోగ్రాము వ్రాయువారు నమ్మకము లేని డిస్కులకు మొదటి పద్ధతినే వాడుట మేలు.

నేడు సి.డి.ల వాడుక తగ్గినది. కాని పని నడుమ పెన్‌డ్రైవును పెరికినను, దూరపు కంప్యూటరుతో సంబంధము తెగినను ఇదే జరుగవచ్చును. చేతికందినట్లు కనబడునదెల్ల చేతిలో నున్నదని నమ్మరాదు. లేనప్పుడు ఏమి చేయవలెనో ముందే యోచించువాని పని చెడదు.