స్వగృహమున వార్ధక్యము

2011 జనాభా లెక్కలనాటికి మన దేశమున అరువది ఏండ్లు నిండినవారు పది కోట్లకు మించి యుండిరి. నాటినుండి వారి సంఖ్య పెరుగుచునే యున్నది. తమ ఇంట, ఎరిగిన ఇరుగుపొరుగుల నడుమ కడవరకు ఉండవలెనని వారిలో అనేకుల కోరిక. ఇది సమంజసమైన కోరికయే. కాని ఇల్లు కట్టించునాటికి యజమానికి ముప్పదియో నలువదియో ఏండ్లుండును. ఆనాటి కాళ్లకు, కండ్లకు తగినట్లు కట్టించిన ఇల్లు డెబ్బదవ ఏట కూడ తగియుండునని తలచుట పొరపాటు. ఒంటిలో సత్తువ, చేతిలో కొంత ధనము ఉన్నపుడే దానిని సవరించుకొనవలెను.

వృద్ధులను మంచము పట్టించు కారణములలో కాలు జారి పడుట ముఖ్యమైనది. వయసు మీరినకొలది ఎముకలు గుల్లబారును. స్త్రీలలో ముట్లుడిగిన పిదప ఇది మరింత త్వరగా జరుగును. అట్టివారు నిలుచున్న చోటనే పడినను తుంటియెముక విరుగవచ్చును. శస్త్రచికిత్స జరిగినను పలువురు మునుపటివలె నడువలేరు.

కావున ఇంటిలో మొదట పరీక్షింపవలసినది మంచమునుండి మరుగుదొడ్డికి పోవు త్రోవ. ఒక రాత్రి ఇంటిలోని పడుచువారెవరైన ఆ త్రోవను నడచి చూడవలెను. దీపపు స్విచ్చి పండుకొన్నవారి చేతికందునా? పెరటి మెట్టుపై నాచు పట్టియున్నదా? గడప ఎంత ఎత్తున్నది? పసుపు రాసి పూజించు గడపను తొలగించుటకు ఎవరికిని మనసొప్పదు. తొలగింప నక్కరయు లేదు. దాని అంచు చీకటిలో కానవచ్చునట్లు తెల్లరంగు పూసి, ప్రక్కగోడకు ఊతకమ్మి అమర్చిన చాలును. స్నానాలగదిలో నున్నని పలకలకు బదులు గరుకు బండలు పరపింపవలెను. మరుగుదొడ్డి గోడకు ఇనుపకమ్మిని మరలతో గట్టిగా బిగింపవలెను. తువాలు ఆరవేయు సన్నని కమ్మి మనిషి బరువు నాపదు. మోకాళ్ల నొప్పి గలవారికి కుర్చీవలె కూర్చుండు పీఠము మేలు. కూర్చున్నపుడు రెండు పాదములును నేలకు ఆనునంత ఎత్తు మంచమునకు చాలును. సాగిపోయిన నులకమంచమునుండి లేచుట కష్టము.

రాత్రి లేవవలసివచ్చునను భయముతో కొందరు పగలంతయు నీరు త్రాగుట మానుదురు. ఇది తగదు. ఒంటిలో నీరు తగ్గినచో తల తిరిగి పడు ప్రమాదమే హెచ్చును. రక్తపుపోటు మందులు వాడువారు నిద్రలేచిన వెంటనే నిలువబడక, మంచముపై కొంతసేపు కూర్చుండి లేవవలెను. కంటిలో శుక్లము ముదిరినచో, ఇంట ఎన్ని దీపములు పెట్టినను ప్రయోజనము లేదు, శస్త్రచికిత్స చేయించుకొనవలెను.

ఇల్లు ఎంత సవరించినను అది చేయిజారినచో ఫలమేమి? బిడ్డలు చూచుకొందురను నమ్మకముతో ఇంటిని దానపత్రము వ్రాసి యిచ్చి, పిదప ఆ యింటనే చోటు లేక పోయినవారు కలరు. వీలునామా వ్రాసినచో ఇల్లు బ్రతికియున్నంతకాలము తనదిగానే యుండును. ఎపుడు కావలసిన అపుడు మార్చుకొనవచ్చును. దానిపై ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. దానపత్రమే వ్రాయదలచినవారు, తమ పోషణభారము పుచ్చుకొనువారిదేనను షరతును అందు స్పష్టముగ వ్రాయించుకొనవలెను. అట్టి షరతు తప్పినవారికి చేసిన దానమును, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టములోని 23వ సెక్షను ప్రకారము ట్రైబ్యునలు రద్దు చేయగలదు. నమ్మకము గల కుటుంబములో ఈ వాక్యము వ్రాసినంతమాత్రమున ప్రేమ తరిగిపోదు.

ఆయుష్మాన్ భారత్ పథకమున 2024 అక్టోబరునుండి డెబ్బది ఏండ్లు నిండినవారందరికి, ఆదాయముతో నిమిత్తము లేక, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకు సహాయము లభించుచున్నది. ఇంటివద్ద సేవ చేయు మనిషి జీతము ఇందులో చేరదు. దానికి వేరుగా కూడబెట్టుకొనవలెను. వృద్ధులు సలహా కోరుటకు 14567 అను ఉచిత టెలిఫోను గలదు.

ఒంటరిగా నుండువారు ఒక తాళపుచెవిని నమ్మకమైన పొరుగింట ఉంచి, ప్రొద్దెక్కినను వాకిలి తెరువనిచో వచ్చి చూడవలసినదిగా వారికి చెప్పి యుంచవలెను. స్నానాలగదికి వెలుపలినుండి కూడ తీయవీలైన గడియనే అమర్చుకొనవలెను.