బ్యాటరీ మోటారు కొనేముందు తిరుగు ప్రయాణం లెక్క

పొద్దున గాలి లేదు. చిన్న అల్యూమినియం పడవ చప్పుడు లేకుండా జలాశయం నడిమధ్యకు పోయింది. మధ్యాహ్నం ఎదురుగాలి లేచింది. బ్యాటరీ దిగిపోయింది. తెడ్డేమో ఇంటి దగ్గరే ఉంది! అప్పుడేమిటి గతి? పడవకు బ్యాటరీ మోటారు కొనాలనుకునేవారు మొదట ఆలోచించవలసిన సంగతి ఇదే.

ఈ మోటారు పుట్టిల్లు అమెరికా. 1934లో ఉత్తర డకోటా రాష్ట్రం ఫార్గో పట్నంలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డు కారు స్టార్టర్ మోటారుకు పంకా తగిలించి దీన్ని తయారుచేశారు. అక్కడి సరస్సుల్లో చేప బెదరకుండా మెల్లగా కదలడానికి దీన్ని వాడతారు. దూరం పోవడానికి చాలామందికి వేరే ఇంజిన్ ఉంటుంది. మన జలాశయాల్లో తెడ్డు బదులు దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే లెక్క మారిపోతుంది.

దీని బలాన్ని హార్స్‌పవర్‌లో కాక పౌండ్లలో చెబుతారు. పడవ, మనుషులు, వలలు, బ్యాటరీ అన్నీ కలిపి ప్రతి వంద పౌండ్ల బరువుకు కనీసం రెండు పౌండ్ల బలం కావాలన్నది వాడుక లెక్క. మొత్తం బరువు 350 కిలోలైతే సుమారు 770 పౌండ్లు. అంటే 16 పౌండ్లు చాలు. అయితే అల్యూమినియం పడవ తేలిక. గాలికి ఆకులా కొట్టుకుపోతుంది. కనుక 40కి తగ్గకుండా కొనడం మంచిది. పౌండ్లు పెరిగినంత మాత్రాన వేగం పెద్దగా పెరగదు. గాలికి ఎదురు నిలిచే శక్తి పెరుగుతుంది.

అసలు ఖర్చు బ్యాటరీ దగ్గరుంది. 55 పౌండ్ల వరకు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి చాలు. ఆ పైన 24 వోల్టులు, అంటే రెండు బ్యాటరీలు. 55 పౌండ్ల మోటారు పూర్తి వేగంతో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద రెండు గంటలు. సీసం బ్యాటరీని తరచు సగానికి మించి దించితే త్వరగా చెడిపోతుంది గనుక నిజానికి గంటే. వేగం తగ్గిస్తే చాలాసేపు వస్తుంది.

కారు బ్యాటరీ ఇందుకు పనికిరాదు. ఇంటి ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ ఓర్చుకుంటుంది గాని మోయలేని బరువు. పడవ ఊగి యాసిడ్ ఒలికితే రేకును తినేస్తుంది. లిథియం బ్యాటరీ బరువు సగానికి తక్కువే, ధర మాత్రం ఎక్కువ.

మోటారు కాడ పొడవూ చూసుకోవాలి. పంకా నీటిమట్టానికి అడుగు లోతున ఉండాలి. పొట్టిదైతే అల లేచినప్పుడల్లా గాలిలో తిరుగుతుంది. ఉప్పునీటిలో తిప్పేవారు ఉప్పునీటికని చేసినదే అడగాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.

మొదటి రోజు ఒడ్డు వెంబడే నడిపి, బ్యాటరీ ఎంతసేపు వచ్చిందో గడియారం చూసి రాసుకోవాలి. మరునాటి నుంచి అందులో మూడోవంతు కాగానే పడవ తిప్పాలి. తెడ్డు పడవలోనే ఉండాలి.