ఆటలో అరటిపండు ఉండకూడదని

పిల్లలు ఆడుకునేటప్పుడు మరీ చిన్నవాణ్ణి ఏడిపించలేక ‘వీడు ఆటలో అరటిపండు’ అని చేర్చుకుంటారు. వాడూ పరిగెడతాడు, వాడూ అరుస్తాడు, వాడి మోకాళ్ళూ చీరుకుపోతాయి. కానీ వాడు అవుటయినా లెక్కలోకి రాదు, గెలిచినా లెక్కలోకి రాదు. కొన్నాళ్ళు అరటిపండుగా ఉన్నవాళ్ళెవరూ ఆ బాధ మరిచిపోరు. జాలిపడి ఆడనివ్వడం వేరు, సరిసమానంగా ఆడనివ్వడం వేరు. ఆ రెండో పని కోసం మూడు వందల ఏళ్ళకు పైగా మనుషులు మరమ్మతు చేసుకుంటూ వస్తున్న యంత్రం ఒకటుంది. అందులో ఇనుము లేదు, చక్రాలు లేవు. కూడికలు, తీసివేతలు, ఒక భాగహారం. దాని పేరు గోల్ఫ్ హ్యాండిక్యాప్.

ఒక బాబాయిని, ఆయన అన్న కొడుకుని ఊహించుకుందాం. ఇద్దరూ ఆదివారం క్లబ్ టోర్నమెంట్ ఆడారు. పద్దెనిమిది హోల్స్, మొత్తం పార్ (మంచి ఆటగాడికి పట్టాల్సిన స్ట్రోకులు, అంటే దెబ్బలు) 72. ఎంత తక్కువ స్ట్రోకుల్లో ముగిస్తే అంత గొప్ప. కుర్రాడు 80లో ముగించాడు. బాబాయికి 95 పట్టాయి. మామూలు లెక్కలో బాబాయి చిత్తుగా ఓడినట్టే. కానీ కమిటీ బల్ల మీద ఉన్న జాబితాలో ఆయన పేరు పక్కన 21, కుర్రాడి పేరు పక్కన 6 ఉన్నాయి. అవి తీసేస్తే ఇద్దరిదీ 74. టై. ఇక చివరి తొమ్మిది హోల్స్ స్కోరు చూస్తారు. అక్కడా తేలకపోతే చివరి ఆరు, ఆ తర్వాత చివరి మూడు, ఆఖరికి పద్దెనిమిదో హోల్. ఈలోగా ఇద్దరికీ గుండె దడదడలాడుతూ ఉంటుంది. 95 కొట్టిన మనిషికి కూడా ఆ దడ దక్కడమే ఈ యంత్రం చేసిన పని.

ఈ ఆలోచన చాలా పాతది. 1687లో ఎడిన్‌బరోలో థామస్ కిన్‌కేడ్ అనే వైద్య విద్యార్థి తన డైరీలో ఒక ధర్మసందేహం రాసుకున్నాడు. బలవంతుడూ బలహీనుడూ తలపడితే ఆటను సమానం చేసి పందెం తేడాగా పెట్టాలా, పందెం సమానంగా పెట్టి ఆటలో వెసులుబాటు ఇవ్వాలా అని. గోల్ఫ్‌నే ఉదాహరణగా తీసుకున్నాడు. అప్పటికి హ్యాండిక్యాప్ అన్న మాట గోల్ఫ్‌లోకి రాలేదు. అది వస్తుమార్పిడి ఆట నుంచి పుట్టింది. ఇద్దరు తమ వస్తువులు మార్చుకోవాలనుకుంటే మధ్యవర్తి తేడా ఎంతో చెప్పేవాడు. ఇద్దరూ టోపీలో చెయ్యి పెట్టి, ఒప్పుకున్నదీ లేనిదీ చేతిని బయటికి తీసిన తీరుతోనే చెప్పేవారు. టోపీలో చెయ్యి, అంటే హ్యాండ్ ఇన్ క్యాప్. అక్కడి నుంచి గుర్రప్పందేలకి వెళ్ళి, మేలు గుర్రం మీద ఎక్కువ బరువు వెయ్యడానికి పేరయింది. వైకల్యం అన్న అర్థం ఆ తర్వాత అంటుకున్నదే. తూకం సరిచెయ్యడమే ఈ మాటకి పాత అర్థం. దాన్ని గుర్తుపెట్టుకోవాలని నాకనిపిస్తుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో క్లబ్బులు అంకెలు వేసుకోవడం మొదలుపెట్టాయి. ఏడాదిలో బాగా ఆడిన మూడు ఆటల సగటులోంచి ఆ మైదానానికి అనుకున్న స్కోరు తీసేస్తే వచ్చిందే హ్యాండిక్యాప్. చిక్కల్లా ఊరికో కుంచం ఉండటం. ఒక క్లబ్బులో 10 అంటే ఇంకో క్లబ్బులో 16 కావచ్చు.

ఆ కుంచాలన్నిటినీ ఒక్కటి చేసినవాళ్ళు ఆడవాళ్ళు. 1893లో బ్రిటన్‌లో లేడీస్ గోల్ఫ్ యూనియన్ ఏర్పడింది. దానికి గౌరవ కార్యదర్శి ఇసెట్ పియర్సన్, అండగా నిలిచినవాడు డాక్టర్ లెయిడ్లా పర్వ్స్. దేశమంతటికీ ఒకే పద్ధతిలో చెల్లే హ్యాండిక్యాప్‌ను వాళ్ళే నిలబెట్టారు. బ్రిటన్ మగవాళ్ళ సంఘాలన్నీ కలిసి ఉమ్మడి సలహా సంఘం పెట్టుకున్నది 1924లో. అంటే ఆడవాళ్ళ సంఘం పుట్టిన ముప్ఫై ఏళ్ళకి. ఈ కథ చెప్పేటప్పుడు పియర్సన్ పేరు చాలామంది దాటేస్తారు. అది అన్యాయం.

ఈ యంత్రంలో ఇంకో భాగం ఒక సర్జన్ చేతి పని. ఫ్రాంక్ బార్నీ గోర్టన్ స్టేబుల్‌ఫోర్డ్ 1898లోనే వేల్స్‌లోని పెనార్త్‌లో తన పద్ధతిని ఒకసారి పరీక్షించి చూశాడు. తర్వాత ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో, ఎప్పుడూ సముద్రపు గాలి కొట్టే మైదానంలో, మళ్ళీ పదును పెట్టాడు. మొదటి రెండు మూడు హోల్స్ చెడగానే జనం కార్డులు చింపేసి మనసు విరిగి వెళ్ళిపోవడం ఆయన్ని బాధపెట్టింది. అందుకని స్ట్రోకుల బదులు పాయింట్లు ఇచ్చాడు. హ్యాండిక్యాప్ తీసేశాక పార్‌కి 2, పార్ కంటే ఒకటి ఎక్కువైతే 1, ఒకటి తక్కువైతే 3. రెండు, అంతకంటే ఎక్కువైతే సున్నా. ఆ హోల్‌లో నాలుగు ఎక్కువ కొట్టినా సున్నాయే, పది ఎక్కువ కొట్టినా సున్నాయే. బంతి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కి నడిచిపోవచ్చు. 1932 మే 16న వాలసీలో మొదటి పోటీ జరిగింది. ఈరోజు ప్రపంచంలో ఏ క్లబ్బుకి వెళ్ళినా ఆయన పేరు వినపడుతుంది.

అయినా అసలు ముడి విడలేదు. ఇంతవరకూ కొలిచింది మనిషిని. మరి నేలనో?

నేలకి కోర్స్ రేటింగ్ అని ఒకటి అప్పటికే ఉంది. హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ‘స్క్రాచ్’ ఆటగాడికి ఆ మైదానంలో ఎన్ని స్ట్రోకులు పడతాయో అది చెబుతుంది. కానీ స్క్రాచ్ ఆటగాడికి నల్లేరు మీద నడక అయిన మైదానం మామూలువాడికి ముళ్ళకంప కావచ్చు. హోల్ ఆట మొదలుపెట్టే చోటు, అంటే టీ నుంచి 220 గజాల దూరంలో నీళ్ళున్నాయనుకోండి. స్క్రాచ్ ఆటగాడి మొదటి దెబ్బ 250 గజాలు పోతుందని లెక్క. అతను ఆ నీళ్ళని కన్నెత్తి చూడడు. సుమారు 20 హ్యాండిక్యాప్ ఉన్న ‘బోగీ’ ఆటగాడి దెబ్బ 200 గజాలు. అతనికి ఆ నీళ్ళే రాత్రి కలలోకి వస్తాయి. ఒకరి ఇబ్బందిని కొలిచి ఇద్దరికీ అంటగట్టడం ఎలా కుదురుతుంది?

ఈ ప్రశ్నను పట్టుకున్నవాడు డీన్ నూత్. అమెరికా నౌకాదళ అధికారి, మాంటెరేలోని నౌకాదళ ఉన్నత విద్యాలయంలో చదివినవాడు. ఒక్కో మైదానానికి రెండు రేటింగులు వెయ్యాలన్నాడు. ఒకటి స్క్రాచ్ ఆటగాడికి, ఇంకొకటి బోగీ ఆటగాడికి. రెండింటి మధ్య తేడా ఎంత నిటారుగా పెరిగితే మైదానం బలహీనుడికి అంత కఠినం. గ్రాఫులో అది వాలుగీత, అందుకే ‘స్లోప్’. మగవాళ్ళకి ఆ తేడాను 5.381తో, ఆడవాళ్ళకి 4.24తో హెచ్చిస్తారు. మగవాళ్ళ లెక్కలో తేడా 21 స్ట్రోకులైతే 113 వస్తుంది. అదే ప్రమాణం. అతి సులువైన నేలకి 55, అతి కష్టమైనదానికి 155. 1980ల మొదట్లో కొలరాడోలో పరీక్షించి, 1987 నాటికి అమెరికా అంతటా పెట్టారు. నూత్‌కి ‘పోప్ ఆఫ్ స్లోప్’ అని పేరొచ్చింది.

బాబాయి కార్డుని దగ్గరగా చూద్దాం. ఆయన ఆడిన మైదానం కోర్స్ రేటింగ్ 71.2, స్లోప్ 126. 95లోంచి 71.2 తీస్తే 23.8. దాన్ని 113తో హెచ్చించి 126తో భాగిస్తే 21.3. అదే 95ను రేటింగ్ 69.5, స్లోప్ 113 ఉన్న చదునైన మైదానంలో కొట్టి ఉంటే 25.5. ఒకే స్కోరు, రెండు విలువలు. మొదటిది కష్టపడి తెచ్చుకున్న 95 అని ఈ లెక్క గుర్తించింది. నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే.

2020 జనవరిలో ప్రపంచంలో అంతవరకూ నడిచిన ఆరు పద్ధతుల్ని కలిపి వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ చేశారు. చివరి 20 ఆటలకు ఇలా వచ్చిన విలువల్లోంచి మేలైన 8 తీసి సగటు వేస్తారు. అదే ఇండెక్స్. మొత్తం 20 సగటు ఎందుకు తియ్యరు? చేతకానట్టు నటించడం సులువు, చేతనైనట్టు నటించడం ఎవరి తరం? హ్యాండిక్యాప్ మన సగటు ఆటని కాదు, మన మంచి రోజుని కొలుస్తుంది. అందుకే ఎవరైనా తన హ్యాండిక్యాప్‌కి తగ్గట్టు ఆడేది ఐదాటల్లో దాదాపు ఒకసారే. ‘ఈరోజు నా ఆట కుదరలేదు’ అని క్లబ్బుల్లో అంతమంది అనుకోవడం వెనక ఈ లెక్కే ఉంది.

దొంగాటకి తాళాలు కూడా వేశారు. ఒక హోల్‌లో బంతి మూడుసార్లు నీళ్ళలో పడి 10 అయిందనుకోండి. పార్ 4 హోల్‌లో ఒక స్ట్రోకు వెసులుబాటు ఉన్నవాడికి ఇండెక్స్ లెక్కలో ఆ 10 కాస్తా 7గా పడుతుంది. కావాలని చెడగొట్టుకున్నా ప్రయోజనం తక్కువ. ఉన్నట్టుండి ఇండెక్స్ కంటే 7 స్ట్రోకులు మెరుగ్గా ఆడితే ఇండెక్స్‌లోంచి ఒకటి, 10 మెరుగైతే రెండు కోసేస్తారు.

ఇక కమిటీ పని. బాబాయి ఇండెక్స్ 20.4. దాన్ని 126తో హెచ్చించి 113తో భాగించి, రేటింగ్‌కీ పార్‌కీ ఉన్న తేడా 0.8 తీసేస్తే దగ్గరదగ్గర 22. మొత్తం స్ట్రోకులు లెక్కించే స్ట్రోక్‌ప్లే పోటీలో అందులో 95 శాతమే ఇస్తారు. ఎక్కువమంది ఆడే పోటీలో పెద్ద హ్యాండిక్యాప్ వాళ్ళలో ఎవరో ఒకరికి అనుకోని మంచి రోజు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ చిన్న కోత. అలా 21. ఈ కూడికలు కమిటీవి. హోల్ హోల్‌కీ ఎన్ని కొట్టాడో సరిగ్గా ఉందని సంతకం పెట్టాల్సింది మాత్రం ఆటగాడు. ఉన్నదానికంటే తక్కువ రాసిచ్చాడో, పోటీ నుంచి బయటికే. ఎక్కువ రాసిచ్చాడో, ఆ ఎక్కువే ఖాయం.

గోల్కొండలో నయా ఖిల్లా పక్కన ఆడినా, విశాఖలో ఆడినా, అమెరికాలో స్థిరపడ్డ అల్లుడి ఊళ్ళో ఆడినా ఇండెక్స్ వెంట వస్తుంది. అక్కడి నేల స్లోప్ చూసి ఆరోజుకి స్ట్రోకులు లెక్కగడితే చాలు, పరాయి మైదానంలో కూడా మనిషి అరటిపండు కాడు.

మరుసటి ఆదివారం అదే మైదానంలో బాబాయి 90 కొట్టాడు. ఆయన జీవితంలో మంచి రోజుల్లో ఒకటి. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఫోన్ తెరిచాడు. పాత ఎనిమిదిలో 21.7 పోయి 16.9 వచ్చి చేరింది. ఇండెక్స్ 20.4 నుంచి 19.8కి దిగింది. వెంటనే అన్న కొడుక్కి ఫోన్ కలిపాడు.

“ఒరేయ్, వచ్చే వారం నాకు 21 ఇవ్వరురా. 20 మాత్రమే.”

“అయితే కష్టమే కదా బాబాయ్.”

“కష్టమే,” అన్నాడు బాబాయి, ఆ సంగతి ఇంకెవరెవరికి చెప్పాలా అని చూసుకుంటూ.